పోటీ పడతారా, పోటీ చేస్తారా?

పిల్లలూ, ఇంగ్లీషులో ‘కంపీట్’ అనే మాట మీకు బాగా తెలుసు. సైన్స్ ఫెయిర్ అయినా, సాకర్ మ్యాచ్ అయినా, రెండు ఫోన్ కంపెనీల గొడవ అయినా అదే మాట సరిపోతుంది. తెలుగులో అలా అన్నిటికీ సరిపోయే క్రియ ఒకటి లేదు. మనకు ‘పోటీ’ అనే నామవాచకం ఉంది. దాని పక్కన ఏ క్రియను కూర్చోబెడతామో, దాన్ని బట్టి అర్థం మారిపోతుంది. క్రియ తప్పినా మీ మాట అర్థమవుతుంది. కాకపోతే మీరు చెప్పాలనుకున్నది కాకుండా ఇంకొకటి అర్థమవుతుంది! ఈ పాఠంలో అలాంటి మాటల జోడీలు చూద్దాం. మీకు ఇంగ్లీషు ముందే వచ్చు కాబట్టి రెండు భాషలనూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు.

‘పోటీ’ పక్కన ఎవరున్నారు?

ముందు ‘పోటీ చేయడం’. ఈ మాట వినగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది ఎన్నికలు. “ఆయన ఈసారి ఎక్కడి నుంచి పోటీ చేస్తున్నాడు?” అంటే ఏ నియోజకవర్గంలో నిలబడుతున్నాడు అని అర్థం. మీరు ఫోన్లో తాతయ్యతో “నేను శనివారం పోటీ చేస్తున్నాను తాతయ్యా” అంటే, ఆయన నవ్వుతూ “ఏ పార్టీ తరఫున రా?” అని అడిగినా అడుగుతారు. పాటలు, క్విజ్, ఈత లాంటి వాటికి “పోటీలో పాల్గొంటున్నాను” అనండి. రాసేటప్పుడు ఇదే బాగుంటుంది. మాట్లాడేటప్పుడు ఇంకా తేలిగ్గా “పోటీకి వెళ్తున్నాను”, “నేను కూడా పోటీలో ఉన్నాను” అంటాం.

‘పోటీ పడడం’ వేరు. దీనికి కప్పు అక్కర్లేదు, జడ్జీలు అక్కర్లేదు. ఇద్దరు మనుషులుండి, ఒకరిని మించి ఒకరు చేయాలన్న పట్టుదల ఉంటే చాలు. “అక్కాచెల్లెళ్ళిద్దరూ పోటీ పడి చదివారు.” “పెళ్ళిలో బంధువులంతా పోటీ పడి వడ్డించారు.” ఈ రెండో వాక్యంలో ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడిపోలేదు. అందరూ ఉత్సాహంగా పనిచేశారని మెచ్చుకుంటున్నాం, అంతే. ఇంగ్లీషులో దీన్ని ఒక్క మాటలో చెప్పడం కష్టం. ప్రయత్నించి చూడండి.

‘పోటీ ఇవ్వడం’లో ఒక చిన్న రహస్యం ఉంది. “వాళ్ళు మాకు గట్టి పోటీ ఇచ్చారు” అన్నామంటే చాలాసార్లు ‘వాళ్ళు’ ఓడిపోయారనే అర్థం. ఓడినా బాగా ఆడారని గెలిచినవాళ్ళు మర్యాదగా చెప్పే మాట ఇది. చిత్తుగా ఓడిన జట్టు గురించి ఇలా అనకండి, వెక్కిరించినట్టు ఉంటుంది.

‘పోటీ పెట్టడం’ రెండు రకాలు. “సంక్రాంతికి మా తెలుగు సంఘం వాళ్ళు ముగ్గుల పోటీ పెట్టారు” అంటే పోటీ నిర్వహించారని. “పిల్లల మధ్య పోటీ పెట్టకండి” అంటే ఒకరిని చూపించి ఇంకొకరిని తక్కువ చేయకండి అని. రెండోది మీ ఇంట్లో ఎవరికైనా చెప్పాల్సిన అవసరం వస్తే, వాక్యం మీ దగ్గర సిద్ధంగా ఉంది.

ఇక ‘పోటీకి రావడం’. “నాతో పోటీకి రాకు” అంటే కొంచెం కోపం, కొంచెం గర్వం కలిసిన మాట. తమ్ముడితో సరదాగా అనొచ్చు. టీచరు గారితోనో, బాబాయితోనో అనకూడదు.

పోటీ ఎంత గట్టిగా ఉందో చెప్పడానికి ఇంగ్లీషులో ‘స్టిఫ్’, ‘ఫియర్స్’, ‘కట్‌త్రోట్’ లాంటి మాటలు వాడతారు. మొదటిదానికి మన ‘గట్టి పోటీ’, రెండోదానికి ‘తీవ్రమైన పోటీ’ సరిగ్గా అతుకుతాయి. మూడోదానితోనే చిక్కు. దాన్ని ఉన్నదున్నట్టు ‘గొంతు కోసే పోటీ’ అని మార్చారనుకోండి, తెలుగులో అర్థం పక్కదారి పడుతుంది. మనకు ‘గొంతు కోయడం’ అంటే నమ్మించి మోసం చేయడం. “నమ్మినందుకు నా గొంతు కోశాడు” అని పెద్దవాళ్ళు అనడం మీరు వినే ఉంటారు. కాబట్టి ‘విపరీతమైన పోటీ’ అనండి. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడైతే “పోటీ మామూలుగా లేదు” అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది.

అమ్మమ్మ ఎందుకు కంగారు పడింది?

డల్లాస్‌లో ఉండే ఒక పాప, తెనాలిలో ఉన్న వాళ్ళ అమ్మమ్మతో మాట్లాడుతోందనుకుందాం.

“అమ్మమ్మా, రేపు స్కూల్లో నేను పందెం కాస్తున్నాను!”

“ఏంటే? పందెం కాస్తావా? స్కూల్లోనా? మీ అమ్మకు తెలుసా ఈ సంగతి?”

“అమ్మే డ్రాప్ చేస్తుంది. నాన్న కూడా వస్తారు.”

“అయ్యో రామా! ఫోను మీ అమ్మకియ్యి ముందు.”

పాప చెప్పాలనుకున్నది పరుగు పందెం గురించి. కానీ ‘పందెం’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ఒకటి ఇంగ్లీషులో ‘రేస్’. పరుగు పందెం, పడవ పందెం, ఎడ్ల పందెం అన్నీ ఈ రకం. రెండోది ‘బెట్’. డబ్బో, వస్తువో ఒడ్డి ఆడడం. ఏ ముఖం కనిపిస్తుందో చెప్పేది మళ్ళీ క్రియే. ‘పందెం కాయడం’, ‘పందెం కట్టడం’ అంటే డబ్బు పెట్టడం. “పందెంలో పరుగెత్తడం”, “పందెంలో పాల్గొనడం” అంటే రేసులో ఉండడం. పాప “రేపు పరుగు పందెంలో పరుగెత్తుతున్నాను” అని ఉంటే అమ్మమ్మ “జాగ్రత్త తల్లీ, పడిపోకు” అనేది.

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో జరిగే కోడిపందేల గురించి మీరు వినే ఉంటారు. అక్కడ ఈ రెండు అర్థాలూ కలిసిపోతాయి. కోళ్ళు పోరాడతాయి, చుట్టూ ఉన్నవాళ్ళు డబ్బు కాస్తారు. చట్టం దీన్ని ఒప్పుకోదు. కానీ భాషలోకి అక్కడి నుంచి ఎన్నో మాటలు వచ్చేశాయి. ‘పందెం కోడి’ అనే మాట అందులో ఒకటి. గొడవకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే మనిషిని అలా అంటారు.

‘పందెం’, ‘పంతం’ వినడానికి దగ్గరగా ఉంటాయి. అర్థం మాత్రం వేరు. పంతం అంటే నా మాటే నెగ్గాలనే పట్టుదల. పంతం పడతాం, పంతానికి పోతాం, చివరికి పంతం నెగ్గించుకుంటాం. “ఇద్దరూ పంతానికి పోయి మాట్లాడుకోవడం మానేశారు” అనే వాక్యం చూడండి. ఇందులో పోటీ ఉంది, కోపం ఉంది, కొంచెం మొండితనం కూడా ఉంది. వీటన్నిటినీ ఒకేసారి చెప్పే ఒక్క ఇంగ్లీషు మాట దొరకదు.

రైవల్ అంటే ఎవరు?

మనం దీని దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఇక్కడ తప్పితే మనసులు నొచ్చుకుంటాయి.

ఇక్కడ పెరిగిన పిల్లలు కొందరు అవతలి జట్టును తెలుగులో ‘శత్రువులు’ అనేస్తారు. వీడియో గేముల్లో ‘ఎనిమీ’ అనే మాట అలవాటు కదా, దాన్నే తెలుగులోకి తెస్తారు. కానీ తెలుగులో ‘శత్రువు’ చాలా బరువైన మాట. మన చెడు కోరేవాడు శత్రువు. “రేపు మా శత్రువులు మా ఇంటికి పిజ్జాకి వస్తున్నారు” అంటే నానమ్మ తలుపు గడియ పెడుతుంది! ఆటలో ఎదుటివాళ్ళకు వాడాల్సిన మాట ‘ప్రత్యర్థి’. ఎంతో కాలంగా తలపడుతున్న జట్టయితే ‘చిరకాల ప్రత్యర్థి’. ఇంగ్లీషులో ‘ఆర్చ్ రైవల్’ అనే చోట తెలుగు పేపర్లు ఇదే రాస్తాయి.

‘ప్రత్యర్థి’ అనే మాటను విప్పి చూద్దాం. చివర ‘అర్థి’ ఉంది. అర్థి అంటే కోరుకునేవాడు. విద్యను కోరుకునేవాడు విద్యార్థి. అంటే మీరే. పదవిని కోరి ఎన్నికల్లో నిలబడేవాడు అభ్యర్థి. మరి ప్రత్యర్థి? ‘ప్రతి’ అంటే ఎదురు. ఎదురుగా నిలబడి తనూ కోరుకునేవాడు ప్రత్యర్థి. పాతకాలం న్యాయసభల్లో దావా తెచ్చినవాణ్ణి అర్థి అనీ, అతనికి ఎదురు నిలిచినవాణ్ణి ప్రత్యర్థి అనీ అనేవారు. ఇద్దరూ ఒకే సభలో ఒకే తీర్పు కోసం నిలబడ్డవాళ్ళు.

ఇప్పుడు ఇంగ్లీషు వైపు వెళ్దాం. ‘రైవల్’ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని మూలంలో ఉన్నది ‘ఏరు’. ఒకే ఏటి నీళ్ళు వాడుకునే ఇరుగుపొరుగువాళ్ళు ఒకరికొకరు రైవల్స్. నీళ్ళు తక్కువైనప్పుడు వాళ్ళ మధ్య మాటా మాటా పెరుగుతుంది కదా, అలా ఆ మాటకు ఇప్పటి అర్థం వచ్చింది. తెలుగువాళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అన్నీ ఒకే కృష్ణా నది నీళ్ళు వాడుకుంటాయి. వాటా ఎవరికెంత అన్నది ఏళ్ళ తరబడి తెగని వాదన. ‘కంపీట్’ కూడా లాటిన్ మాటే. దాని రెండు ముక్కలకూ విడివిడిగా అర్థం చెప్పుకుంటే ‘కలిసి వెతకడం’ అని వస్తుంది.

మనకూ సరిగ్గా అలాంటి మాట ఇంకొకటి ఉంది. ‘దాయాది’. తండ్రి వైపు నుంచి వచ్చిన ఆస్తిలో వాటా ఉన్న బంధువు దాయాది. ‘దాయం’ అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి. మహాభారతంలో కౌరవులు, పాండవులు దాయాదులే. భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ వచ్చిందంటే తెలుగు పేపర్లలో ‘దాయాదుల పోరు’ అని హెడ్డింగ్ కనిపిస్తుంది. 1947 దాకా ఒకే ఇల్లుగా ఉండి విడిపోయిన రెండు దేశాలు కాబట్టి ఆ మాట అక్కడ అంతగా అతికింది. అయితే మీ స్కూల్ సాకర్ టీముకు దాయాది అనే మాట వాడకండి. చుట్టరికం ఉండాలి.

‘సాటి’ అనే చిన్న మాటను కూడా చూడండి. “ఆమెకు సాటి లేదు” అంటే ఆమెతో సమానంగా నిలబడగలిగేవాళ్ళు లేరు అని. “సాటి మనిషి” అంటే మనలాంటి మనిషి. “సాటి విద్యార్థులు” అంటే మీ క్లాసులో మీతో పాటు చదువుకునేవాళ్ళు. మనతో పోటీకి నిలబడేవాడికీ, మన పక్కన నిలబడేవాడికీ ఒకే మాట సరిపోయింది. బలంలో సమానంగా ఉన్న ఇద్దరిని ‘సమ ఉజ్జీలు’ లేదా ‘సరి ఉజ్జీలు’ అంటారు. పల్లెల్లో ఆటకు జట్లు పంచుకునేటప్పుడు “నీకు వాడు సరి ఉజ్జీ” అని జతలు కడతారు.

ఆటను గెలుస్తాం, మనిషిని ఓడిస్తాం

ఇంగ్లీషులో ‘విన్’, ‘బీట్’ వేరువేరు. మ్యాచ్‌ని ‘విన్’ అవుతారు, అవతలి జట్టును ‘బీట్’ చేస్తారు. ‘ఐ వన్ హిమ్’ అంటే తప్పు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళేవాళ్ళు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే మన ‘గెలవడం’ రెంటికీ సరిపోతుంది. “మ్యాచ్ గెలిచాం”, “వాళ్ళ మీద గెలిచాం”. ఆ ‘మీద’ ముఖ్యం. రాసేటప్పుడు ‘వాళ్ళపై గెలిచాం’ అని కూడా అంటాం. తెలంగాణలో మీ తాతయ్య “గెలిచినం”, “ఓడినం” అంటారు, ఆంధ్రలో “గెలిచాం”, “ఓడిపోయాం” అంటారు. రెండూ మంచి తెలుగే.

మీరు ఇంగ్లీషు నుంచి తెలుగుకు వస్తారు కాబట్టి మీ చిక్కు వేరే చోట ఉంది. ‘బీట్’ అంటే కొట్టడం కదా అని “మేము వాళ్ళను కొట్టాం” అంటే, ఇంట్లో వెంటనే “ఎందుకు కొట్టారు? ఎవరికైనా దెబ్బలు తగిలాయా?” అని అడుగుతారు. “వాళ్ళను ఓడించాం” అనాలి. సరదా ఏమిటంటే, ‘కొట్టడం’ గెలుపుకు కూడా పనికొస్తుంది. మనిషి బదులు బహుమతిని పెడితే చాలు. “కప్పు కొట్టాం”, “ఫస్ట్ ప్రైజ్ కొట్టింది”, “సెంచరీ కొట్టాడు”. ఇవన్నీ మాట్లాడుకునే తెలుగు. వ్యాసంలో రాస్తే టీచరు “మొదటి బహుమతి పొందింది” అని దిద్దుతారు.

‘గెలిపించడం’ అనే మాట ఇంగ్లీషుకు ఇవ్వగలిగితే బాగుండేది అనిపిస్తుంది నాకు. ఇంకొకరు గెలిచేలా చేయడం అని దీని అర్థం. “మా గోల్‌కీపరే మమ్మల్ని గెలిపించింది.” దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే పొడుగు వాక్యం కావాలి. ఎన్నికలప్పుడు గోడల మీద “భారీ మెజారిటీతో గెలిపించండి” అని రాసుంటుంది. ఓటు వేసేవాళ్ళను అడగడానికి ఇంతకంటే చిన్న మాట ఇంకేముంటుంది?

‘విజయం’ కొంచెం పెద్ద మాట. పేపర్లలో, ఉపన్యాసాల్లో ఎక్కువ. దాని జోడీ ‘సాధించడం’. విజయం సాధించారు, ఘన విజయం సాధించారు. ఇక్కడ రెండు గుంతలున్నాయి, చూసుకుని నడవండి. ఒకటి, ‘విజయం చేయడం’ అనకూడదు. పాత నాటకాల్లో, జానపద సినిమాల్లో “మహారాజు విజయం చేశారు” అంటే రాజుగారు వచ్చారని అర్థం. గెలవడానికీ దానికీ సంబంధం లేదు. రెండు, సాధించేది విజయాన్ని కావాలి, మనిషిని కాదు. “అతను నన్ను సాధిస్తున్నాడు” అంటే అస్తమానం ఏదో ఒకటి అని వేధిస్తున్నాడని అర్థం.

రెండు ఫైనళ్ళు, రెండు రకాల తెలుగు

ఒకే ఇద్దరు ప్రత్యర్థుల మధ్య జరిగిన రెండు మ్యాచ్‌లు చూద్దాం. మాటలు ఎలా మారతాయో తెలుస్తుంది.

హైదరాబాద్ అమ్మాయి పి.వి. సింధు, జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహారా 2017లో గ్లాస్గోలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడారు. మొదటి గేమ్ 21-19తో ఒకుహారాది. రెండోది 22-20తో సింధుది. ఆ గేమ్ చివర్లో ఒక్క ర్యాలీలోనే షటిల్ 73 సార్లు అటూ ఇటూ వెళ్ళింది. మూడో గేమ్‌లో 22-20తో ఒకుహారా గెలిచింది. మొత్తం 110 నిమిషాలు పట్టింది.

ఇలాంటి మ్యాచ్‌ని ‘హోరాహోరీగా సాగింది’ అంటాం. ‘నువ్వా నేనా అన్నట్టు సాగింది’ అని కూడా అంటాం. ఈ రెండోది నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అందులో ఇద్దరు మనుషుల గొంతులు వినిపిస్తాయి. ‘ఉత్కంఠభరితంగా సాగింది’ అనేది పేపరు భాష. ఓడిన సింధు గురించి ‘త్రుటిలో టైటిల్ చేజార్చుకుంది’ అని రాస్తారు. చేజారడం అంటే చేతిలోంచి జారిపోవడం. చేతిదాకా వచ్చిందనే అర్థం అందులోనే ఉంది. 21-5తో ఓడినవాళ్ళకు ఆ మాట వాడలేం.

రెండేళ్ళ తర్వాత, 2019లో, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అదే టోర్నీ. ఫైనల్లో మళ్ళీ వాళ్ళిద్దరే. ఈసారి 21-7, 21-7. 38 నిమిషాల్లో అయిపోయింది. భారత్ నుంచి బ్యాడ్మింటన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి వ్యక్తి సింధు. ఈ మ్యాచ్‌కి ‘నువ్వా నేనా’ పనికిరాదు. ‘ఏకపక్షంగా సాగింది’ అనాలి. సింధు ఒకుహారాను ‘చిత్తు చేసింది’ లేదా ‘చిత్తుగా ఓడించింది’. కుస్తీలో ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేస్తే చిత్తు చేసినట్టు. బ్యాడ్మింటన్‌లో ఎవరూ ఎవర్నీ పడేయకపోయినా మాట మాత్రం కుస్తీ గోదాలోంచి ఇక్కడికి నడిచొచ్చింది. ‘మట్టి కరిపించింది’ కూడా అలాంటిదే. ఇంగ్లీషులో ‘బైట్ ది డస్ట్’ అంటారు కదా, రెండు భాషలూ ఓడినవాళ్ళ నోట్లో మట్టే పెట్టాయి.

2017 నాటి ఓటమికి ‘బదులు తీర్చుకుంది’, ‘లెక్క సరిచేసింది’ అని కూడా పేపర్లు రాస్తాయి. ‘పగ తీర్చుకుంది’ అని కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. హెడ్డింగ్ వేడిగా ఉండాలని అలా పెడతారు గానీ, నాకది నచ్చదు. పగ శత్రువు మీద ఉంటుంది. వాళ్ళు ప్రత్యర్థులు.

మెడలు, తొడలు, చేతులు

ఇంగ్లీషులో రెండు గుర్రాలు మెడలు సమానంగా పరుగెడితే ‘నెక్ అండ్ నెక్’. పోటీ అంత దగ్గరగా ఉందని. ఎన్నికల ఫలితాలప్పుడు మీరు టీవీలో వింటారు. మనకూ మెడతో ఒక ఎన్నికల మాట ఉంది. ‘ఏకగ్రీవం’. గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఒకే మెడ. “సర్పంచ్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు” అంటే ఇంకెవరూ పోటీలో లేరు అని. చూశారా, ఇంగ్లీషులో మెడ వస్తే పోటీ గట్టిగా ఉన్నట్టు, తెలుగులో మెడ వస్తే పోటీయే లేనట్టు! ‘నెక్ అండ్ నెక్’ని తెలుగులో చెప్పాలంటే మెడల జోలికి పోకుండా ‘నువ్వా నేనా’ అనేయండి.

పోటీకి పిలవడానికి ఇంగ్లీషులో ‘గాంట్లెట్’ విసురుతారు. పాతకాలం యోధులు చేతి తొడుగు తీసి ఎదుటివాడి ముందు పడేసేవారు. దాన్ని అతను తీసుకుంటే సరేనన్నట్టు. మనం విసిరేది ‘సవాలు’. ఒకరు సవాలు విసురుతారు, ఇంకొకరు స్వీకరిస్తారు. ఈ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. అక్కడ దానికి ‘ప్రశ్న’ అనే అర్థం. హిందీ మాట్లాడే మీ ఫ్రెండ్‌కి ఇప్పటికీ అది ప్రశ్నే. మనమే దాన్ని తొడగొట్టే స్థాయికి తీసుకెళ్ళాం.

తొడ కొట్టడం అంటే ‘రా చూసుకుందాం’ అని చేతల్లో చెప్పడం. పూర్వం మల్లయోధులు చేసేవారు, ఇప్పుడు కబడ్డీ ఆటగాళ్ళు పాయింటు తెచ్చాక చేస్తారు, తెలుగు సినిమాల్లో హీరోలు ఎప్పుడైనా చేస్తారు. మీసం మెలేయడం కూడా ఇదే కోవ. ‘కాలు దువ్వడం’ మాత్రం ఎద్దుల నుంచి వచ్చింది. పోట్లాటకు ముందు ఎద్దు కాలితో నేలను గీకుతుంది. “వాడు ఊరికే కయ్యానికి కాలు దువ్వుతున్నాడు” అంటే కారణం లేకుండా గొడవకు వస్తున్నాడని. ఇది పొగడ్త కాదు.

ఆట ఆడే చోటుకు గీసే గీత, ఆ గీత లోపలి చోటు ‘బరి’. కబడ్డీలో, కోడిపందేల్లో, ఎన్నికల్లో అందరూ ‘బరిలోకి దిగుతారు’. “ఈసారి బరిలో పదకొండు మంది ఉన్నారు” అని వార్తల్లో చెబుతారు. అదే మాటతో ‘బరితెగించడం’ కూడా ఉంది. హద్దు దాటి, సిగ్గు విడిచి ప్రవర్తించడం. మర్యాదస్తులైన పెద్దవాళ్ళు కోపంలో వాడే మాట, కాబట్టి విని అర్థం చేసుకోండి చాలు.

ఇక చేతకానప్పుడు ఇంగ్లీషులో బాక్సర్ తరఫువాళ్ళు టవల్ విసిరేస్తారు, మనం ‘చేతులెత్తేస్తాం’. “రెండో సెట్‌కే చేతులెత్తేశాడు.” అయితే క్లాసులో ప్రశ్నకు జవాబు చెప్పడానికి మీరు చేసేది ‘చెయ్యెత్తడం’. ఒక చెయ్యి అయితే జవాబు తెలుసని, రెండు చేతులూ అయితే తెలియదని!

ఒక స్టేజీ, ఎనిమిది మంది

అమెరికాలో ఉన్న పిల్లలకు స్పెల్లింగ్ బీ తెలిసే ఉంటుంది. 2019లో స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో ఎనిమిది మంది ఎంతకీ తప్పు చెప్పకపోవడంతో, ఎనిమిది మందినీ విజేతలుగా ప్రకటించారు. 2024లో ఇద్దరు మిగిలారు. 90 సెకన్లలో ఎవరు ఎక్కువ మాటలు సరిగ్గా చెబితే వాళ్ళు గెలిచినట్టు అన్నారు. బృహత్ సోమ 29, ఫైజాన్ జాకీ 20 చెప్పారు. ఆ రోజు రెండో స్థానంలో నిలిచిన ఫైజాన్ మరుసటి ఏడాది, 2025లో, విజేతగా నిలిచాడు.

ఈ పేరాను మీ మాటల్లో ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పండి. 2019 గురించి చెప్పేటప్పుడు ‘సమ ఉజ్జీలు’ వాడండి. 2024 గురించి చెప్పేటప్పుడు ‘ఓడించాడు’ వాడాలా, ‘పై గెలిచాడు’ వాడాలా మీరే చూసుకోండి. ‘కొట్టాడు’ మాత్రం వద్దు. ఫైజాన్ గురించి చెప్పేటప్పుడు ‘చేజారింది’ అనే మాటకు చోటుందేమో ఆలోచించండి.

తర్వాత ఈ నాలుగు ఇంగ్లీషు వాక్యాలను తెలుగులో రాయండి: ‘వుయ్ బీట్ దెమ్ ఎట్ చెస్.’ ‘దే గేవ్ అస్ స్టిఫ్ కాంపిటిషన్.’ ‘ద గేమ్ వాజ్ నెక్ అండ్ నెక్.’ ‘షీ వన్ ద ఎలెక్షన్ అనపోజ్డ్.’ మూడోదానికి ఒకటి కంటే ఎక్కువ జవాబులు వస్తాయి. నాలుగోదానికి ఒకే మాట సరిపోతుంది, అందులో మెడ ఉంది. రాశాక అమ్మమ్మకో, నానమ్మకో ఫోన్ చేసి చదివి వినిపించండి. వాళ్ళ ఊళ్ళో పిల్లలు ఆటలో ఓడిపోయినవాణ్ణి ఏమని ఏడిపించేవారో కూడా అడిగి, ఆ మాటను కింది ఖాళీలో రాసుకోండి.